పదకొండో వాల్వు

పోత 24,051

యాభై నాలుగు.

ఈ అంకె ఇవాళ పొద్దున్న శ్వేతపురం నుంచి వచ్చింది. రెండు ముక్కల ఉత్తరం, దానికి నలభై పేజీల అనుబంధం. అసలు కంటే కొసరెక్కువ. సారాంశం ఇది: గడిచిన పన్నెండేళ్ళలో శ్వేతపురం చేసిన సరుకును వంద అనుకుంటే, మా కెంపుగడ్డ చేసింది యాభై నాలుగట.

ఈ ఎర్రమట్టి గ్రహం మీద ఉన్నవి రెండే ఊళ్ళు, రెంటికీ కరెంటు ఒకే రియాక్టరు నుంచి రావాలి. అందుకని పన్నెండేళ్ళకోసారి రెండూళ్ళ ఉత్పత్తినీ పక్కపక్కన పెట్టి సరిపోల్చాలని, అరవైకి తగ్గిన ఊరు కొలిమి ఆర్పేసి ఆ కరెంటు రెండో ఊరికి వదులుకోవాలని పాతవాళ్ళు సంతకాలు పెట్టారు. మొదటిసారి మాకు డెబ్బై వచ్చింది. రెండోసారి అరవై ఆరు. ఇది మూడోసారి. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పాలి.

నేను కొలిమి చిట్టా రాసే మనిషిని. పేరు మాణిక్యాంబ. మా ఊళ్ళో తేదీ అంటే పోత. రోజుకొకసారి ఇనుము కరిగించి అచ్చులో పోస్తాం, ఆ పోత నంబరే ఆ రోజు తేదీ. పిల్లలు పుట్టిందీ, పెళ్ళిళ్ళయిందీ, మా నాన్న పోయిందీ అన్నీ పోతల్లోనే చెప్పుకుంటాం. ముప్పై ఆరేళ్ళలో కొలిమి ఒక్కరోజు ఆరలేదు. ఆరితే రేపటికి తేదీ ఉండదు. కొలిమి మీద బతికే నాలుగువందల కుటుంబాలను శ్వేతపురం పట్టుకుపోయి సౌరపలకల మీద దుమ్ము తుడిపిస్తారు. ఆ సంగతి అనుబంధం ముప్పై ఒకటో పేజీలో చాలా మర్యాదగా రాశారు.

మర్యాదకేం, మేమూ మర్యాదస్తులమే. కానీ ఈ కొలిమి ఆర్పనివ్వను. ఈ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను, తర్వాత నాకే గుర్తుండాలని.

పోత 24,053

సరిపోలిక అధికారి వచ్చింది. పేరు విశాలాక్షి, ముప్పై దాటి ఉండవు. శ్వేతపురం మనిషే గాని ఒప్పందం ప్రకారం రెండూళ్ళకూ సమానం. నాచు టీ ఇస్తే మొహం చిట్లించకుండా తాగింది. అది మెచ్చుకోవాలి, మాకే అలవాటు కావడానికి పదేళ్ళు పట్టింది.

"మీ జాబితాలో ఉన్న ప్రతి వస్తువుకీ అచ్చు చూడాలండీ. అచ్చు చూపించనిదే ఏ ఊరి వస్తువూ ఆ ఊరి లెక్కలోకి రాదు. ఆరో నియమం," అంది.

కొలిమి పెద్దమేస్త్రి కోటిలింగం బాబాయి దగ్గరుండి అన్నీ చూపించాడు. గాలి వాల్వు అచ్చు, పంపు గుల్ల అచ్చు, పళ్ళచక్రాల అచ్చు. ఇసుక నొక్కిన ప్రతి అచ్చులోనూ పదకొండేసి గదులు. ఆ అచ్చులన్నీ మా నాన్న సత్తెయ్య చేసినవే.

"పదకొండెందుకు?" అని అడిగింది.

"పది అసలండి. ఒకటి కొసరండి," అన్నాడు బాబాయి, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆవిడ తలూపి పుస్తకంలో రాసుకుంది. పక్కనే ఉన్నాను గనక చదివాను: 'పదకొండోది, పోతలో పాడైపోయేదానికి బదులుగా.' చదివి ఊరుకున్నాను. మా పోతలో పాడైపోవడమేమిటి అని ఒళ్ళు మండింది గాని, అంతకు మించి ఏమీ తోచలేదు.

తర్వాత నా అభ్యంతరం చెప్పాను. మా ఇంటి గోడలో ఉన్న వాల్వు చూపించాను. అది మా నాన్న బిగించింది, ఇరవై ఆరేళ్ళయింది, ఇప్పటికీ ఒక్క చిటికెడు గాలి పోనివ్వదు. శ్వేతపురం యంత్రాలు చేసే వాల్వు మూడేళ్ళకోసారి మార్చాలి.

"అదే గోడకు మీరు ఎనిమిది వాల్వులు చేస్తే ఎనిమిదని రాశారు. మేం ఒకటి చేస్తే ఒకటని రాశారు. విరిగిపోయేది చేసేవాడిదే ఎక్కువ ఉత్పత్తి అయితే, ఇంకా పాడుగా చేయమని మావాళ్ళకు నేర్పుతాను."

విశాలాక్షి నవ్వలేదు. "మీరన్నది న్యాయమే. కానీ తలుపు దాటిన సరుకు ఎన్నో మాత్రమే కొలుస్తాం. ఎన్నాళ్ళు మన్నిందో రాయడానికి ఈ కాగితంలో గడి లేదండీ," అంది.

గడి లేదట. మా నాన్న బతుకంతా పట్టే గడి ఆ కాగితంలో లేదట.

పోత 24,056

మూడు రోజులుగా అంకెలు తిరగేస్తున్నాను. ఈ గ్రహం మీద ఏడాదికి ఆరువందల అరవై ఎనిమిది రోజులు, అన్ని పోతలు. పోతకు పది చొప్పున 6,680. పన్నెండేళ్ళూ ఈ అంకే పంపాను, కింద నా సంతకం. శ్వేతపురానిది ఏడాదికి 12,370. ఎన్నిసార్లు భాగించినా యాభై నాలుగే వస్తోంది.

ఇవాళ తోటకూర కోసం, కూరలు పండించే పచ్చగుమ్మటానికి వెళ్ళాను. నూకరత్నం వదిన తూచింది, కట్ట కట్టింది, మళ్ళీ చెయ్యి పెట్టి గుప్పెడు తీసి పైన వేసింది.

"తూకం అయిపోయిందిగా వదినా," అన్నాను పరధ్యానంగా.

"అది కొసరే తల్లీ. కొసరెయ్యకుండా ఎవరికిచ్చాను నేను? ఇవాళెంత కోశావని మా ఆయన అడిగితే ఆ గుప్పెడు చెప్పను కూడాను," అంది.

సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా బుర్రకు బూజు పట్టింది. పన్నెండేళ్ళు బూజు పట్టింది.

అచ్చుకు పదకొండు గదులు. పోసేది పదకొండు. పంపేది పదకొండు. నేను రాసేది పది. శ్వేతపురం వెళ్ళే పెట్టెలోనైనా, ఊళ్ళో ఇళ్ళకిచ్చే పెట్టెలోనైనా పదింటి మీద నంబర్లుంటాయి, పదకొండోదాని మీద నంబరుండదు. అంచున సూదిమొనతో చిన్న బొట్టు పెడతాం, అంతే. అది కొసరు. దాన్ని లెక్కలో రాయాలని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. నాకూ తోచలేదు, నా ఉద్యోగమే లెక్క రాయడమైనా సరే.

పదకొండు పెట్టి హెచ్చించాను. 7,348. కూర వండటం మరిచిపోయాను.

పోత 24,057

కోటిలింగం బాబాయి ఒప్పుకోలేదు.

కొలిమి దగ్గరే చెప్పాను. ఆయన గరిటె పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి, నా వంక జాలిగా చూశాడు. తిట్టినా బాగుండేది.

"ఇచ్చేసింది లెక్కెట్టకూడదు మాణిక్యం."

"లెక్కెట్టకపోతే కొలిమి ఆరిపోద్ది బాబాయ్."

"ఆరిపోనీ. మీ నాన్న ఆ పదకొండో గది ఎందుకు తవ్వాడో నీకు తెల్దు. మొదటేడు శ్వేతపురంలో గోడలు కారి జనం ఊపిరాడక పడిపోతుంటే వాల్వులు పది కావాలని కబురెట్టారు. పదకొండంపాడు. నంబరెయ్యరా అన్నాను నేను. నంబరేస్తే అప్పయిపోద్దిరా, బొట్టెట్టు చాలు అన్నాడు. ఆ మనిషి కూతురివి నువ్వు. ఇప్పుడెళ్ళి మేం ఇన్ని దానం చేశామని చీటీ రాసిస్తావా?"

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. నాలుగువందల కుటుంబాల కంటే నీకు ఒక బొట్టు ఎక్కువా అన్నాను. అనకూడనివి ఇంకో రెండు కూడా అన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పోతకు వెళ్ళిపోయాడు. పోత ఆగకూడదు కదా.

గుమ్మం దగ్గర పలక మీద సుద్దతో 24,057 అని రాసి ఉంది. రోజూ నేనే రాస్తాను. చూస్తూ చూస్తూ వెనక్కి తిరిగాను.

"బాబాయ్, కొసరు లెక్కెట్టను. పోతలు లెక్కెడతాను. ముప్పై ఆరేళ్ళ నుంచి తేదీ కింద రాసుకుంటున్నదే. ఒక పోతకు ఎంత ఇనుము పోశామో చిట్టాలో ఉంది. అందులో ఎవరికెంత ఇచ్చామో వాళ్ళకక్కర్లేదు. మనం పోసింది మనం పోశామని చెప్పడం తప్పు కాదుగా."

ఆయన గరిటెతో ఇనుము మీద తేలిన మడ్డి తీసి పక్కన పడేశాడు.

"పోసింది చెప్పుకోవచ్చు. కష్టం కదా అది," అన్నాడు ఆఖరికి. "ఇచ్చింది మాత్రం చెప్పుకోమాక."

పోత 24,059

విశాలాక్షి పోత చిట్టాలు పన్నెండేళ్ళవీ నేల మీద పరుచుకుని కూర్చుని చూసింది. కరిగించిన ఇనుము బరువును ఆ రోజు పోసిన వస్తువు బరువుతో భాగించింది. తన పుస్తకంలో 'పాడైపోయేదానికి' అని రాసుకున్న మాట కొట్టేసింది.

"చిట్టా చెల్లుతుంది. మీ ఉత్పత్తి ఏడాదికి 7,348," అంది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

"అంటే యాభై తొమ్మిది పాయింటు నాలుగు."

"అరవై అని సర్దెయ్యొచ్చు కదండీ. అర పాయింటు మీద ఇంకాస్త, అంతే కదా తగ్గింది," అన్నాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను.

"సర్దడం నాకు చేతకాదు మాణిక్యాంబగారూ. ఇవాళ మీకోసం సర్దితే రేపు వాళ్ళకోసం సర్దాలి."

ఇసుక జల్లెడల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. అరవైకి అంత దగ్గరకొచ్చి చావడం కంటే యాభై నాలుగు దగ్గరే ఉండిపోతే నయమనిపించింది. ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని ఆలోచించాను. సరిపోలిక అంటే పైన మా అంకె, కింద వాళ్ళ అంకె. పై అంకెను ఎనిమిది రోజులుగా చిత్రిక పడుతున్నాం. కింది అంకెను ఎవరు చూశారు?

ఒప్పందంలో ఒక ఊరు రెండో ఊరి గోదాం పుస్తకాలు ఒకరోజు చూసుకోవచ్చని ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు. రేపటి ఇసుకబండిలో బయలుదేరుతున్నాను.

పోత 24,061

ఈపాటికి పోత వేసి ఉంటారు. నేను చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక పోత చూడని రోజు ఇదే.

శ్వేతపురం గోదాం మా ఊరంత ఉంది. గోదాం అధికారి చిదంబరంగారని, తెల్లకోటు, మంచి మనిషి. కుర్చీ వేయించాడు. పుస్తకాలన్నీ ముందు పెట్టించాడు.

యంత్రశాలల అంకెలు ఒక ఏడాది పెరిగాయి, ఒక ఏడాది తగ్గాయి. దుమ్ముతుపాను ఏడాది సగానికి పడిపోయాయి. యంత్రాలు కూడా మనుషుల్లాగే ఉంటాయి. కానీ చివర 'స్థానిక ఉత్పత్తి, ఇతరములు' అని ఒక వరుస ఉంది. అందులో మొదటి ఏడాది 334. రెండో ఏడాది 334. తుపాను ఏడాది కూడా 334. పన్నెండేళ్ళూ అదే.

334 అంటే ఏమిటో కెంపుగడ్డలో ఎవరినడిగినా చెబుతారు. 668లో సగం. మా పెట్టె రోజు విడిచి రోజు శ్వేతపురం వెళుతుంది.

"ఇవెక్కడ చేశారండీ?" అని అడిగాను.

"ఇక్కడేనమ్మా. బిల్లు లేకుండా గోదాంలో కనబడిన వస్తువు ఏదైనా బయటి నుంచి కొన్నది కాదు కదా. కొన్నది కానప్పుడు మనం చేసిందే. అది మా నియమం," అన్నాడు, ఎంతో ఓపికగా.

"అయ్యా, కొసరు అన్న మాట ఎప్పుడైనా విన్నారా?"

ఆలోచించాడు. "విన్నట్టు లేదమ్మా. ఏం వస్తువది?"

దొంగతనమైతే తిట్టి పోసేదాన్ని. ఆ మనిషికి నిజంగానే తెలియదు. వాళ్ళకు ఊపిరి పోసిన వాల్వులు ఆకాశం నుంచి పడ్డాయనుకున్నారు, పడ్డవాటిని తామే చేశామని రాసుకున్నారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

సాయంత్రం వాళ్ళ ఊరి నీళ్ళ ట్యాంకు కింద పడుకుని వాల్వు అంచు తడిమాను. చీకట్లో బొటనవేలికి తగిలింది, నంబరు లేని చోట చిన్న గుంట. మా నాన్న చేతి బొట్టో, కోటిలింగం బాబాయి చేతి బొట్టో తెలియదు. మంచినీళ్ళు ఆ వాల్వు గుండానే ఊళ్ళోకి పోతున్నాయి. దుమ్ములో పడుకుని నవ్వుకున్నాను, గర్వంగా అనిపించింది.

పోత 24,062

ఇవాళ వాళ్ళ సభామందిరంలో విచారణ. ఒక పక్క చిదంబరంగారు, ఇంకో పక్క నేను, మధ్యలో విశాలాక్షి. ట్యాంకు కింద నుంచి విప్పించిన వాల్వు బల్ల మీద పెట్టాను.

"దీన్ని ఈ ఊరు ఉత్పత్తి అని రాశారు. పన్నెండేళ్ళలో ఇలాంటివి నాలుగువేల ఎనిమిది. నేను ఒక్కటే అడుగుతాను. దీని అచ్చు చూపించండి."

చిదంబరంగారు విశాలాక్షి వంక చూశాడు. విశాలాక్షి ఆరో నియమం తీసి పైకి చదివింది. చిదంబరంగారు వాల్వును అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"అచ్చు లేదా? పోనీ, ఇప్పుడొకటి చేసి చూపించండి. ఎన్నాళ్ళయినా కూర్చుంటాను. తోటకూర కూడా తెచ్చుకున్నాను."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. విశాలాక్షి 12,370 కొట్టేసి 12,036 రాసింది. మళ్ళీ భాగించింది. నేను ముందురోజే చేశాను గాని, ఆవిడ నోటితో వినాలని కదలకుండా కూర్చున్నాను.

"అరవై ఒకటి," అంది.

అప్పుడు చిదంబరంగారు ఒక కాగితం ముందుకు జరిపాడు. అది గోదాంవాళ్ళు రాత్రికి రాత్రి తయారుచేసిన హామీపత్రం. ఇకమీదట కెంపుగడ్డ నంబరూ బిల్లూ లేని వస్తువు ఏదీ పంపకూడదు. ఆ హామీ ఇస్తేనే అరవై ఒకటికి శ్వేతపురం ఒప్పుకుంటుంది.

"మీ మంచికేనమ్మా. ఇలా ఊరికే ఇచ్చేవి మీకు తగ్గి మాకు పెరిగి, రెండు లెక్కలూ పాడయ్యాయి. ఒక్క సంతకం చాలు, కొలిమి మీదే," అన్నాడు.

కలం తీసుకున్నాను. తీసుకున్నానని దాచడం ఎందుకు. నాలుగువందల కుటుంబాలు, రేపటి తేదీ, అన్నీ ఆ కలం కిందే ఉన్నాయి. కోటిలింగం బాబాయికి చెప్పకపోయినా పోయేది. కానీ పదో గదికీ పదకొండో గదికీ మధ్య మా నాన్న వేలి మందాన వదిలిన ఇసుక గోడ కళ్ళ ముందు మెదిలింది. కొసరు మానేస్తే ఆ అచ్చులో సగం మనిషే మిగులుతాడు.

కలం కింద పెట్టాను.

"పెట్టనండీ. మీరు అడిగినవి పది చేసి ఇస్తాం, బిల్లు వేస్తాం. పదకొండోది మేం ఇచ్చుకునేది. దాన్ని ఎలా రాసుకోవాలో మీకు తెలియకపోతే అది మీ పుస్తకంలో లోపం, మా చేతిలో లోపం కాదు. మీ పుస్తకం కోసం మా చెయ్యి కురచ చేసుకోం. కొలిమి ఆర్పుతామంటే రండి, వచ్చి మీరే ఆర్పండి. నాలుగువందల ఇళ్ళవాళ్ళం గుమ్మంలో నిలబడతాం."

హామీపత్రాన్ని విశాలాక్షి వైపు జరిపాను.

విశాలాక్షి హామీపత్రం తీసుకుని రెండువైపులా చదివింది. ఒప్పందం తీసింది, పేజీలన్నీ తిప్పింది. ఎంతసేపు తిప్పిందో చెప్పలేను.

"సరిపోలికకు షరతు పెట్టే నియమం ఇందులో ఎక్కడా లేదు. అరవై ఒకటి అంటే అరవై ఒకటే," అంది చిదంబరంగారితో. "సర్దడం నాకు చేతకాదండీ."

ముద్ర వేసింది.

పోత 24,065

కొలిమి మండుతోంది. కోటిలింగం బాబాయికి అన్నీ చెప్పాను, కలం తీసుకున్న సంగతి కూడా. మా అరుగు మీద కూర్చుని నేను వండిన తోటకూర రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పోత 24,066

ముద్రవేసిన కాగితం ఇవ్వడానికి విశాలాక్షి స్వయంగా వచ్చింది. తిరిగి వెళ్ళేది మా సరుకుబండిలోనే. ఇవాళ శ్వేతపురానికి పెట్టె వెళ్ళే రోజు.

పెట్టెలోకి పది వాల్వులు ఎక్కించాం. నంబర్లు చదివి ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాను. అప్పుడు బాబాయి ఇంకా వెచ్చగా ఉన్న పదకొండోది గుడ్డలో చుట్టి తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు. అంచున బొట్టు తాజాగా మెరుస్తోంది.

ఆవిడ దాన్ని పట్టుకుని ఇబ్బందిగా నిలబడింది. పాపం, జీవితమంతా గడులు నింపిన మనిషి.

"దీన్ని ఏమని రాయనండీ?"

"ఏమీ రాయకండమ్మా," అన్నాడు బాబాయి. "కారే చోట బిగించుకోండి."

బండి కదిలాక లోపలికొచ్చి చిట్టా తెరిచాను. ఇంత జరిగాక కూడా, మా నాన్న నేర్పినట్టే రాశాను.

పోత ఒకటి. వాల్వులు పది.